పూజకు ఆవునెయ్యి ఇంట్లోనే: కాచడం, సరిచూసుకోవడం, దీపం నుంచి ఇరుముడి దాకా వాడటం

కార్తీక మాసం దగ్గర పడుతుంటే అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. "బజారులో దీపారాధన నెయ్యి అని డబ్బాల్లో అమ్ముతున్నారు, అది నైవేద్యానికి వాడొచ్చా?" "నేతి దీపం పెడితే చిటపటలాడి ఆరిపోతోంది, ఏం చేయాలి?" "ఇంట్లో కాచిన నెయ్యి వారానికే పులిసిన వాసన వస్తోంది, ఎందుకు?" 2024లో తిరుమల లడ్డూ నెయ్యి వివాదం వచ్చాక ఇంకో ప్రశ్న కలిసింది: "కొన్న నెయ్యి అసలుదో కాదో ఇంట్లో ఎలా తేల్చుకోవాలి?"

అన్నింటికీ ఒకేచోట, చేసే వరుసలోనే చెబుతాను. ముందు ఒక్క మాట. మీరు అన్నంలో కలుపుకుని తినడానికి వెనకాడే నెయ్యిని దేవుడి ముందు పెట్టకండి. దీపానికైనా, అభిషేకానికైనా, హోమానికైనా ఇదే నా కొలత. డబ్బా మీద "దీపానికి మాత్రమే", "తినడానికి కాదు" అని సన్నటి అక్షరాలతో రాసి ఉంటే అది చాలాసార్లు పామాయిల్, వనస్పతి లాంటి కొవ్వుకు రంగు, వాసన కలిపిన సరుకే. దాన్ని నెయ్యి అనుకుని పంచామృతంలో కలిపితే ఆ తీర్థం ఇంటిల్లిపాదీ తాగుతారు. అంతకన్నా ఒక్క చెంచా మంచి నెయ్యి నయం. అదీ కుదరకపోతే నువ్వుల నూనె దీపం పెట్టండి. అందులో తక్కువేమీ లేదు.

ఏమేం కావాలి

- రోజుకు లీటరు ఆవుపాలు. లేదా ఉప్పు లేని తెల్లవెన్న అరకిలో
- తోడుకు రెండు చెంచాల తాజా పెరుగు
- మీగడ దాచడానికి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా
- కవ్వం. మిక్సీ అయినా సరే
- అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె, లేదా కళాయి పూత ఉన్న ఇత్తడి గిన్నె
- పొడి గరిటె, సన్న జల్లెడ లేదా ఉతికి ఆరబెట్టిన పలుచని నూలు గుడ్డ
- తడి లేని గాజు సీసా లేదా స్టీలు డబ్బా, అందులోకి పూజకే వాడే చిన్న చెంచా

పాల సంగతి కొంచెం విడిగా చెప్పాలి. ఆవుపాలలో వెన్న శాతం సుమారు నాలుగు. అంటే లీటరు పాలలో ఉండే మొత్తం కొవ్వే 35, 40 గ్రాములు. మీగడ తీసి చేస్తే అందులో కొంత పాలలోనే మిగిలిపోతుంది. రోజుకు లీటరు చొప్పున వారం మీగడ తీస్తే చేతికి వచ్చే నెయ్యి 150 గ్రాముల చుట్టూ ఉంటుంది. "మా నెయ్యి ఇంతేనా వచ్చింది" అని కంగారు పడకండి, అంతే వస్తుంది. పొద్దున ఒక కుంది, సాయంత్రం ఒక కుంది వెలిగించుకునే ఇంటికి అది చాలు.

ప్యాకెట్ పాలు వాడేవారు గమనించాల్సింది ఒకటుంది. హోమోజినైజ్డ్ అని రాసిన పాలలో కొవ్వు కణాలను ముందే చిదిమి పాలంతా కలిపేస్తారు. ఆ పాలు ఎంత కాచినా మీగడ దళసరిగా కట్టదు. తప్పు మీ చేతిది కాదు. అలాంటి చోట నేరుగా పాలు పోసేవాళ్ల దగ్గర కొనండి, లేదా తెల్లవెన్న కొని కాచుకోండి.

వెన్న తీయడం

1. పాలు ఒక పొంగు రానిచ్చి, మంట తగ్గించి ఇంకో పది నిమిషాలు కాగనివ్వండి. మూత పెట్టకుండా చల్లార్చండి. మూత పెడితే ఆవిరి నీళ్ళై మీగడ మీద పడి పలచన చేస్తుంది.

2. చల్లారిన పాలను నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి మీగడ తీయండి. డబ్బా అడుగున చెంచా పెరుగు వేసి, ప్రతిరోజూ తీసిన మీగడ దాని మీద వేస్తూ రండి. ఆ కాస్త పెరుగు ఉంటే మీగడ చెడువాసన పట్టదు.

3. వారం, మహా అయితే పది రోజులు. అంతకు మించి దాచకండి. నెలకు సరిపడా ఒకేసారి చేద్దామని మీగడ దాస్తూ పోతే చేదు వాసన పడుతుంది. ఎంత కాచినా ఆ వాసన నెయ్యిలోంచి పోదు. నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడివే.

4. చిలికే ముందురోజు రాత్రి డబ్బా బయట పెట్టి, ఇంకో చెంచా పెరుగు కలిపి తోడుకోనివ్వండి. ఉదయానికి కమ్మటి పెరుగు వాసన రావాలి.

5. చల్లటి నీళ్ళు పోసి చిలకండి. ఎండాకాలంలో రెండు మూడు ఐసు ముక్కలు వేయండి, లేకపోతే వెన్న జారుడుగా ఉండి ముద్ద కట్టదు. చలికాలంలో దీనికి తిరగేసి, గోరువెచ్చని నీళ్ళు కొద్దిగా పోయాలి, లేకపోతే ఎంత చిలికినా వెన్న విడిపోదు. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి. ఒక్క ఊపున తిప్పితే వేడెక్కి వెన్న మజ్జిగలోనే కలిసిపోతుంది.

6. వెన్న ముద్దను చల్లటి నీళ్ళలో మూడుసార్లు కడగండి. మూడోసారి నీళ్ళు దాదాపు తేటగా ఉండాలి. ఈ పని చాలామంది వదిలేస్తారు. మజ్జిగ వెన్నలో మిగిలిపోతే గసి (కాచాక గిన్నె అడుగున మిగిలే మడ్డి) ఎక్కువవుతుంది, నెయ్యి త్వరగా పులుస్తుంది.

7. అదే రోజు కాచేయండి. వెన్నను దాచి దాచి కాచవద్దు.

కార్తీకం చివర వచ్చే పోలి పాడ్యమి కథ చాలామందికి తెలిసిందే. అత్త దీపం సామగ్రి అంతా దాచేసి నదీస్నానానికి వెళ్ళిపోతే, చిన్నకోడలు పోలి పెరట్లో పత్తి తీసి వత్తి చేసుకుని, కవ్వానికి అంటుకున్న వెన్నతో దీపం పెట్టి, ఎవరికీ కనబడకుండా బుట్ట బోర్లించింది. ఆ కథ విన్నవాళ్ళు కిలో డబ్బా లేదని దీపం మానుకోరు. పది గ్రాములున్నా మీ చేత్తో తీసినది చాలు.

నెయ్యి కాచడం

1. గిన్నెలో వెన్న సగానికి మించకూడదు. పొంగుతుంది. పొంగి పొయ్యి మీద పడితే మంట అంటుకుంటుంది.

2. మొదట మధ్యస్థం మంట. వెన్న కరిగి తెల్లటి నురగ వస్తుంది. పెద్ద బుడగలతో గలగలమని చప్పుడు చేస్తుంది. వెన్నలో ఉన్న నీరు ఆవిరవుతున్న చప్పుడు అది. ఈ దశలో అడుగంటకుండా రెండు మూడుసార్లు కలపండి.

3. చప్పుడు సన్నబడగానే మంట పూర్తిగా తగ్గించండి. ఇక పొయ్యి దగ్గర నుంచి కదలవద్దు. ఫోన్ పక్కన పెట్టేయండి. నీరు ఉన్నంతసేపు వేడి ఒకచోట నిలకడగా ఉంటుంది. నీరు ఇగిరాక ఒక్కసారిగా పెరుగుతుంది. బాగున్న నెయ్యి మాడిపోయేది ఈ రెండు మూడు నిమిషాల్లోనే.

4. నెయ్యి తేటపడి గిన్నె అడుగు కనిపిస్తుంది. అడుగున గసి తెలుపు నుంచి లేత గోధుమ రంగులోకి మారుతుంది. పైన సన్నటి నురగ మళ్ళీ ఒకసారి లేస్తుంది. ఇల్లంతా కమ్మటి వాసన వస్తుంది. ఈ నాలుగు గుర్తులు కలిసిన చోట పొయ్యి ఆపండి.

5. గిన్నెను వెంటనే పొయ్యి మీద నుంచి దించండి. గిన్నె వేడికే నెయ్యి ఇంకా కాస్త కాగుతుంది. అందుకే గసి ముదురు రంగుకు రాకముందే ఆపమంటున్నాను.

6. పది నిమిషాలు ఆగి, గసి అడుక్కి దిగాక వడకట్టండి. గుడ్డ, జల్లెడ, సీసా ఏదీ తడిగా ఉండకూడదు. గసి కలిసిన నెయ్యి దీపంలో మసి పడుతుంది.

7. సీసాకు మూత పెట్టకుండా పైన పలుచని గుడ్డ కప్పి, పూర్తిగా చల్లారాక మూత బిగించండి. గది వేడిలో మెల్లగా చల్లారితే పూస కడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే పూస లేకుండా గట్టి ముద్ద అవుతుంది. రుచికి తేడా తప్ప పూజకు రెండూ పనికొస్తాయి.

అరకిలో వెన్నకు మొత్తం 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. వంటకు కాచేటప్పుడు కల్లుప్పు, మునగాకు, కరివేపాకు, మెంతులు వేసే అలవాటు ఉంటుంది. పూజకు కాచేదానిలో ఇవేవీ వేయకండి, ముఖ్యంగా ఉప్పు. దించే ముందు ఒక తమలపాకు వేసే ఇళ్ళున్నాయి. మీ ఇంట్లో ఆచారం ఉంటే ఆకును పొడిగా తుడిచి వేయండి. ఆకు మీద నీటి చుక్క ఉంటే నెయ్యి చిమ్మి చేతులు కాలుతాయి.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నవారికి దారి ఇంకా తేలిక. "అన్‌సాల్టెడ్" అని రాసిన వెన్న కొనండి. లేబుల్‌లో క్రీమ్ తప్ప ఇంకేమీ లేనిది చూసుకోండి. "కల్చర్డ్" అన్నది దొరికితే మరీ మంచిది, అది తోడు పెట్టిన మీగడ నుంచి తీసిన వెన్న. 454 గ్రాముల ప్యాకెట్ కాస్తే సుమారు 350 గ్రాముల నెయ్యి వస్తుంది. వెన్నలో ఇంచుమించు ఐదో వంతు నీరు, పాల పదార్థమే. కాచేటప్పుడు చిమ్నీ ఆన్ చేసి కిటికీ తెరవండి, లేకపోతే స్మోక్ అలారం మోగుతుంది.

సరిగ్గా కాగిందా? ఇలా చూడండి

వేడి నెయ్యి మీద నీళ్ళు చిలకరించి చప్పుడు వినమని కొందరు చెబుతారు. వద్దు. ముఖం మీదికి చిమ్ముతుంది. దీని బదులు వత్తి పరీక్ష చేయండి. ఒక చెంచా నెయ్యి ప్రమిదలోకి తీసుకుని గోరువెచ్చగా అయ్యాక, బాగా ఆరిన వత్తి ముంచి వెలిగించండి. చప్పుడు లేకుండా నిలకడగా వెలిగితే నీరంతా పోయినట్టే. చిటపటలాడితే ఇంకా నీరుంది. మొత్తం నెయ్యిని మళ్ళీ సన్న మంట మీద ఐదు నిమిషాలు ఉంచి చూడండి.

ఇతర లోపాలు, వాటి కారణాలు:

- నెయ్యి మరీ తెల్లగా, పచ్చివెన్న వాసనతో ఉంటే కాగడం చాలలేదు. మళ్ళీ కాచవచ్చు.
- ముదురు గోధుమ రంగు, మాడు వాసన ఉంటే మించిపోయింది. దీన్ని బాగు చేసే మార్గం లేదు. మాడు వాసన దీపంలోనూ వస్తుంది కాబట్టి పూజకు పక్కన పెట్టండి.
- వారం తిరగకుండా పులిసిన వాసన వస్తే వెన్న సరిగ్గా కడగలేదు, లేదా తడి చెంచా పెట్టారు.
- పైన నూనెలా తేటగా, కింద పూసగా విడిపోతే ఏ లోపమూ లేదు. ఎండాకాలంలో అసలైన నెయ్యి అలాగే ఉంటుంది.

రంగు చూసి ఆవునెయ్యి అని నమ్మకండి. ఆవునెయ్యికి పసుపు రంగు కెరోటిన్ వల్ల వస్తుంది, గేదె నెయ్యి తెల్లగా ఉంటుంది, ఇంతవరకు నిజమే. కానీ రంగు ఎవరైనా కలపవచ్చు.

కొనక తప్పకపోతే

లేబుల్ మీద ఆవునెయ్యి అని స్పష్టంగా ఉండాలి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, తయారైన తేదీ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ నాణ్యత ముద్ర అగ్‌మార్క్ ఉంటే ఇంకా మంచిది. దినుసుల్లో పాల కొవ్వు తప్ప మరేదైనా కనిపిస్తే అది నెయ్యి కాదు. ధర చూసి కూడా కొంత తెలుస్తుంది. కిలో నెయ్యికి 25 నుంచి 30 లీటర్ల ఆవుపాలు కావాలి. డెయిరీలు కొవ్వు తీసిన పాలను, పాలపొడిని విడిగా అమ్ముకుంటాయి కాబట్టి పాల ఖరీదంతా నెయ్యి మీద పడదు. అయినా కిలో 250, 300 రూపాయలకు ఎవరైనా ఆవునెయ్యి ఇస్తానంటే అందులో ఆవు ఎక్కడుందో అడగాలి.

అరచేతిలో కరిగిందా, ఫ్రిజ్‌లో పొరలు కట్టిందా అని చూసే పరీక్షలు నూనె గాని, జంతువుల కొవ్వు గాని కలిసిందని తేల్చలేవు. టించర్ అయోడిన్ చుక్క వేస్తే నీలం రంగు రావడం పిండి పదార్థం కలిసిందని మాత్రమే చెబుతుంది. యాసిడ్ పోసి చేసే పరీక్షలు ఇంట్లో అసలు వద్దు. ఆలయానికో, పెద్ద హోమానికో పదుల కిలోలు కొంటుంటే నమూనాను గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపడమే సరైన దారి. ఇంటి అవసరానికి వెన్న కొని మీరే కాచుకుంటే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు.

దీపానికి

1. కుందిని ముందురోజు జిడ్డు పోయేలా తోమి, పూర్తిగా ఆరబెట్టండి. కొత్త మట్టి ప్రమిద అయితే కొన్ని గంటలు నీళ్ళలో నానబెట్టి ఆరనివ్వాలి, లేకపోతే నెయ్యి అంతా ప్రమిదే తాగేస్తుంది.

2. నెయ్యికి పువ్వొత్తి బాగా కుదురుతుంది. చలికాలంలో నెయ్యి పేరుకుంటుంది. పేరుకున్న నెయ్యిలోంచి పడుకోబెట్టిన పొడుగు వత్తి పైకి లాగలేదు, కాస్త వెలిగి ఆరిపోతుంది. పువ్వొత్తి నిటారుగా నిలబడి, దాని వేడికి చుట్టూ ఉన్న నెయ్యి కరుగుతూ వస్తుంది. పొడుగు వత్తులే వాడే ఆచారముంటే రెండు పోగులు కలిపి, కరిగించిన నెయ్యిలో బాగా తడిపి పెట్టండి.

3. నెయ్యి కరిగించి పోయండి. చెంచాతో గట్టి ముద్ద వేసి దాని మీద పొడి వత్తి గుచ్చితే పత్తి కాలిపోతుంది, దీపం నిలవదు.

4. వత్తి కొసను నెయ్యితో తడిపి, చిటికెడు కర్పూరం పొడి అద్దితే తేలిగ్గా అంటుకుంటుంది. అగ్గిపుల్లతో నేరుగా వెలిగించకూడదని చాలా ఇళ్ళలో నియమం. అగరుబత్తితోనో ఏకహారతితోనో వెలిగించండి.

5. నేతి దీపం దేవుడికి కుడివైపు, నూనె దీపం ఎడమవైపు పెట్టడం సంప్రదాయం. దేవుడికి కుడి అంటే ఎదురుగా కూర్చున్న మీకు ఎడమ. ఇది చాలామంది తారుమారు చేస్తారు. ఒకే కుందిలో నూనె, నెయ్యి కలపవద్దు.

చెంచా నెయ్యికి మీ కుందిలో దీపం ఎంతసేపు నిలుస్తుందో ఒకరోజు గడియారం చూసి తెలుసుకోండి. దాన్ని బట్టి నోముల రోజు ఎంత కావాలో లెక్క వస్తుంది.

కార్తీక పౌర్ణమికి 365 వత్తుల కట్ట వెలిగించేవారు కట్టను ముందురోజు రాత్రే కరిగించిన నెయ్యిలో నానబెట్టండి. అప్పటికప్పుడు పైన పోస్తే లోపలి వత్తులు పొడిగా ఉండి ఒక్కసారిగా భగ్గుమంటాయి. వెడల్పాటి మట్టి మూకుడులో పెట్టి, దాన్ని ఇత్తడి పళ్ళెంలో ఉంచండి. మంట జానెడు పైకి లేవవచ్చు. తులసి కొమ్మల కింద పెట్టవద్దు, చీర కొంగు, పిల్లల జడలు జాగ్రత్త. మంట అదుపు తప్పితే నీళ్ళు పోయకండి, కాగుతున్న నెయ్యి ఎగిరి పడుతుంది. స్టీలు మూత బోర్లించండి. ఆ మూత పక్కనే పెట్టుకుని కూర్చోండి. నదిలో వదిలే దీపానికి అరటి దొప్ప వాడండి, ప్లాస్టిక్, థర్మోకోల్ వద్దు.

శ్రావణ శనివారం పిండి దీపం పెట్టేవారు బియ్యప్పిండి, బెల్లం కలిపేటప్పుడు నీళ్ళు తగ్గించి ఒక చెంచా నెయ్యి వేసి గట్టిగా పిసకండి. పిండి పలచనైతే ప్రమిద పగిలి నెయ్యి కారిపోతుంది.

నైవేద్యం, అభిషేకం

మహానైవేద్యంలో అన్నం వేడిగా ఉన్నప్పుడే పైన నెయ్యి వేయాలి. దీన్నే అభిఘారం అంటారు. పప్పు, పరమాన్నం, పులిహోర ఎన్ని పెట్టినా అన్నం మీద ఆ నేతి చుక్క లేకుండా నివేదన చేయరు. పండ్లకు, కొబ్బరికాయకు అక్కర్లేదు. ఏదైనా వేయించగా మిగిలిన నెయ్యి, రుచి చూసిన చెంచా ముంచిన నెయ్యి వాడవద్దు. అందుకే మొదట్లో పూజకు విడిగా సీసా, చెంచా పెట్టుకోమన్నాను.

పంచామృతానికి పాలు ఆరు చెంచాలు, పెరుగు మూడు, నెయ్యి ఒకటి, తేనె రెండు, పంచదార రెండు. నెయ్యి, తేనె సమానంగా కలపకూడదని ఆయుర్వేదం చెబుతుంది, కాబట్టి ఆ రెండూ ఒకే కొలత కాకుండా చూసుకోండి. నెయ్యి కరిగి ఉండాలి కానీ వేడిగా ఉండకూడదు. చల్లటి పాలలో వేస్తే గడ్డలుగా తేలుతుంది, అందుకే పాలు కూడా గది వేడికి వచ్చాక కలపండి.

అభిషేకంలో వరుస కూడా ఇదే. పాలకు "ఆప్యాయస్వ", పెరుగుకు "దధిక్రావ్‌ణ్ణో", నెయ్యికి "శుక్రమసి జ్యోతిరసి" మంత్రాలు. మంత్రం రాకపోతే స్వామి నామం చెబుతూ చేయండి. నెయ్యి పోశాక చల్లటి నీళ్ళు పోస్తే విగ్రహం ముడతల్లో నెయ్యి పేరుకుపోతుంది. గోరువెచ్చని నీళ్ళు పోసి, కాస్త శనగపిండితో రుద్ది కడగండి. రంగులు వేసిన విగ్రహాలకు, మట్టి విగ్రహాలకు నేతి అభిషేకం చేయవద్దు. దాని బదులు ముందు చిన్న పళ్ళెంలో తమలపాకు మీద పసుపు ముద్దనో, నాణేన్నో ఉంచి దానికి చేయవచ్చు.

హోమం సంగతి మీ పురోహితులు చూసుకుంటారు. మీ వంతు పని రెండే. ఎంత ఆజ్యం (హోమంలో వేసే నెయ్యి) కావాలో ముందే అడిగి, దాన్ని వేడి నీళ్ళ గిన్నెలో ఉంచి కరిగించి, వెడల్పు మూతి పాత్రలో పోసి ఇవ్వండి. గుండంలోకి డబ్బా నుంచి గాని, ప్యాకెట్ నుంచి గాని నేరుగా పోయకండి, ధార వెంట మంట చేతిదాకా వస్తుంది. చెక్క స్రువంతో (హోమంలో వాడే పొడుగు గరిటె) కొద్దికొద్దిగా వేయాలి. పూర్ణాహుతికి ఒక గరిటెడు విడిగా ఉంచుకోండి, అప్పటికి అయిపోయి వంటింట్లోకి పరుగులు పెట్టడం చాలా ఇళ్ళలో జరుగుతుంది.

ఇరుముడిలో నేతి కొబ్బరికాయ

అయ్యప్ప మాల వేసుకున్నవారు ఎక్కువగా అడిగేది ఇదే, నెయ్యి కారిపోకుండా శబరిమల దాకా ఎలా తీసుకెళ్ళాలి అని.

1. ముదురు కాయ ఎంచుకోండి. ఊపితే నీళ్ళ చప్పుడు రావాలి, ఎక్కడా బీట ఉండకూడదు. పీచంతా తీసి, పైన నున్నగా గీకండి.

2. మూడు కళ్ళలో ఒకటి మెత్తగా ఉంటుంది. అదొక్కదాన్నే పొడిచి నీళ్ళు తీయండి. మిగతా రెండింటిని కదిలించవద్దు.

3. కాయను బోర్లించి ఒక రాత్రి వదిలేయండి. లోపల నీళ్ళు మిగిలితే దారిలో పులిసి నెయ్యికి వాసన పడుతుంది. ఈ పని ఇరుముడి కట్టే రోజు ఉదయం హడావిడిగా చేయకండి.

4. నెయ్యి గోరువెచ్చగా, తేటగా ఉండాలి. మరీ వేడి నెయ్యి పోస్తే లోపలి కొబ్బరి మగ్గి త్వరగా చెడుతుంది. గురుస్వామి చెప్పినప్పుడు శరణుఘోషతో మీరు పోయాలి, ఇంట్లోవాళ్ళు కూడా తలా ఒక చెంచా పోస్తారు. కన్ను చిన్నది కాబట్టి సన్న ధారగా పోయండి, లేకపోతే గాలి అడ్డుపడి బయటికి పొర్లుతుంది.

5. బిరడా గట్టిగా బిగించి, అంచులు తుడిచి, దాని మీద మైనం గాని, అప్పడం పిండి గాని పెట్టి మూయండి. అంచుల మీద నెయ్యి జిడ్డు ఉంటే ఏదీ అంటుకోదు. కారడానికి అసలు కారణం సాధారణంగా ఈ జిడ్డే.

6. మూసిన కాయను తెల్ల కాగితం మీద బోర్లించి అరగంట ఉంచండి. మరక పడకపోతే ముందుముడిలో (ఇరుముడిలో పూజాసామగ్రి పెట్టే ముందు భాగం) పెట్టవచ్చు. పడితే మైనం తీసి, అంచు శుభ్రంగా తుడిచి మళ్ళీ చేయండి.

ఇలా చూసుకునే సమయం ఉండాలంటే కాయను సిద్ధం చేయడం, బిరడా సరిపోతుందో లేదో చూడటం ముందురోజే ముగించి, నింపడం మాత్రం ఇరుముడి సమయానికి ఉంచుకోండి. విమానంలో వెళ్ళేవారు కాయను చేతిసామానులో అనుమతిస్తారో లేదో ఆ సీజన్ నిబంధన ముందే కనుక్కోవాలి.

సన్నిధానంలో నెయ్యాభిషేకం ఉదయం పూటే. మధ్యాహ్నం దాటి చేరితే మరుసటి ఉదయం దాకా ఆగాల్సి ఉంటుంది, ప్రయాణం లెక్క అలా వేసుకోండి. కాయ పగలగొట్టాక నెయ్యి పట్టుకోవడానికి మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బా వెంట తీసుకెళ్ళండి. కొబ్బరి చిప్పలో ఒక సగాన్ని పద్ధతి ప్రకారం ఆళిలో (సన్నిధానం దగ్గర మండే అగ్నిగుండం) వేస్తారు. అభిషేకం చేసిన నెయ్యి ప్రసాదంగా మీకు తిరిగి వస్తుంది. దానిలో తడి ఉంటుంది కాబట్టి నెలల తరబడి దాచకుండా, ఇంటికి రాగానే అందరికీ పంచేయండి.

మిగిలినవి

కాచాక మిగిలిన గసిని పారేయకండి. వేడిగా ఉండగానే కాస్త బెల్లం గాని, పంచదార గాని కలిపితే పిల్లలు ఇష్టంగా తింటారు. గోధుమపిండిలో వేసి చపాతీలకు కలుపుకోవచ్చు. మరుసటి రోజుకే వాడేయాలి, నిలవ ఉండదు. కుందిలో మిగిలిన నెయ్యిని వంటకు తిరిగి వాడరు. వత్తి నుసి తీసేసి మరుసటి దీపానికే వాడుకోండి, రెండు రోజులకొకసారి కుంది మొత్తం ఖాళీ చేసి తోమండి. కాలిన వత్తులను చెత్తబుట్టలో వేయడానికి మనసు ఒప్పకపోతే పూర్తిగా చల్లారాక ఏదైనా మొక్క మొదట్లో మట్టి కప్పి వేయండి. తులసి కుండీలో మాత్రం వద్దు, జిడ్డుకు చీమలు పట్టి మొక్క పాడవుతుంది.